తొలినాటి ట్రాం స్టేషన్లలో తమ బండి ఏదో ప్రయాణికులకు ఎలా తెలిసేది?

ప్రశ్న

మిత్రులందరికీ నమస్కారం.

గుంటూరు నుంచి మా నాన్నగారు ఈ వేసవిలో బోస్టన్ వచ్చి మా ఇంట్లో ఉంటున్నారు. ఆర్టీసీలో కంట్రోలర్‌గా చేసి రిటైరైన మనిషి కావడంతో, ఏ ఊరు వెళ్లినా గుడి తరవాత ఆయన చూడాలనుకునేది అక్కడి బస్టాండునే. మొన్న ఆదివారం గవర్నమెంట్ సెంటర్ స్టేషన్‌లో బ్లూ లైన్ బండి కోసం నిలబడి ఉండగా, గోడకు చిన్న చిన్న పలకలతో పొదిగిన పాత అక్షరాలు ఆయన కంట పడ్డాయి. అక్కడ ‘స్కాలీ అండర్’ అని ఉంది. ఆ పేరుతో స్టేషన్ గాని, పేట గాని నేటి మ్యాపులో కనిపించదు. ‘కింద అని ఎందుకు రాశారు, దేనికి కింద?’ అని ఆయన అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ రాత్రి కొంత చదివి, ఈ నగరంలో వీధి ట్రాముల కోసమే 1897లో భూగర్భ మార్గం కట్టారని ఆయనకు చెప్పాను. అది వినగానే ఆయన అంతకన్నా పెద్ద ప్రశ్న వేశారు. మన హైదరాబాద్ మెట్రోలో ఒక పట్టా మీద ఒకే దారి బండి వస్తుంది కనుక, అమీర్‌పేటలో సరైన ప్లాట్‌ఫారం చేరుకున్నామంటే ఆ తరవాత వచ్చిన బండి ఎక్కితే సరిపోతుంది. ట్రాముల సంగతి అలా కాదు. ఊరి నలుమూలల నుంచి వేర్వేరు దారుల బండ్లు వచ్చి ఒకే సొరంగంలోకి దిగుతాయి. జనంతో నిండిన ప్లాట్‌ఫారానికి ఒకదాని వెనక ఒకటిగా వచ్చే ఆ బండ్లలో తనది ఏదో, అది ప్లాట్‌ఫారం పొడవునా ఏ చోట ఆగుతుందో ఆనాటి ప్రయాణికుడికి ఏ బోర్డు చెప్పేది? బోర్డు చెప్పలేకపోతే ఎవరు చెప్పేవారు?

ముప్పై ఏళ్లు ఇదే పని చేసిన మనిషి అడిగిన ప్రశ్న కనుక పైపైన జవాబు చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. తెలిసినవారు వివరంగా రాస్తే ఆయనకు చదివి వినిపిస్తాను.

మొదటి జవాబు

మొదటి ప్రశ్నకు జవాబు రెండోదానిలోనే దాగి ఉంది గనుక మీ నాన్నగారి రెండో ప్రశ్నతోనే మొదలుపెడతాను. నేనూ చాలాకాలంగా బోస్టన్‌లోనే ఉంటున్నాను. ఈ సొరంగం చరిత్ర నాకు ఎంతో ఇష్టమైన విషయం.

1890ల నాటికి ట్రెమాంట్ వీధిలో ట్రాములు ఎంతగా కిక్కిరిసి నిలిచిపోయేవంటే, వాటి పైకప్పుల మీదుగా నడుచుకుంటూ పోతే ఇంకా ముందు చేరతామని ఊళ్లో చెప్పుకునేవారు. ఆ రద్దీని తీర్చడానికి 1894లో చట్టం చేసి, 1895 మార్చిలో తవ్వకం మొదలుపెట్టి, హోవర్డ్ కార్సన్ చీఫ్ ఇంజనీరుగా పార్క్ స్ట్రీట్, బాయిల్‌స్టన్ స్టేషన్లను 1897 సెప్టెంబర్ 1న తెరిచారు. స్కాలీ స్క్వేర్, ఆడమ్స్ స్క్వేర్, హేమార్కెట్ స్టేషన్లు మరుసటి ఏడు సెప్టెంబర్ 3న తెరుచుకున్నాయి. అమెరికాలో మొదటి సబ్‌వే ఇదే. అయితే ఇందుకోసం కొత్త రైలును తయారుచేయలేదు. అంతవరకు వీధిలో నడిచిన ట్రాములనే వాలు దారిలో నేల కిందికి దింపారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

విజయవాడ పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌ను ఒకసారి తలుచుకోండి. ఒక్కో దిక్కుకు వెళ్లే బస్సుకు ఒక్కో ప్లాట్‌ఫారం ఉంటుంది. బస్సు తన చోటికి తాను మలుపు తిరిగి వచ్చి నిలబడుతుంది కనుక అక్కడ శాశ్వతంగా ఒక బోర్డు వేలాడదీస్తే చాలు. ట్రాముకు ఆ వెసులుబాటు లేదు. పట్టా మీద ముందున్న బండిని వెనక బండి దాటి పోలేదు. ముందు వచ్చినది ప్లాట్‌ఫారం చివరిదాకా పోయి ఆగుతుంది, తరవాతిది దాని వెనక, ఆ తరవాతిది ఇంకా వెనక ఆగుతాయి. ఏ దారి బండి ముందు వస్తుందన్నది ఆ పూట వీధుల్లో రద్దీని బట్టి, మంచును బట్టి మారిపోతుంది. కాబట్టి ‘ఫలానా పేటకు వెళ్లే బండి ఇక్కడ ఆగును’ అని గోడకు రాసిపెడితే, ఆ మాట ఒక బండికి నిజమై మరుసటి బండికి అబద్ధమైపోతుంది. తొలినాటి ట్రాం స్టేషన్లో ప్లాట్‌ఫారం మీది బోర్డుకు ఉన్న అసలైన పరిమితి ఇదేనని నా అభిప్రాయం. కొందరు అనుకున్నట్టుగా ఆనాటివారికి బోర్డుల విలువ తెలియకపోవడం దీనికి కారణం కాదు.

మరి స్థిరమైన బోర్డు ఏం చెప్పగలదు? మారని సంగతులను మాత్రమే చెప్పగలదు. పార్క్ స్ట్రీట్‌లో నాలుగు పట్టాలు వేశారు. పడమటి పేటల నుంచి వచ్చిన బండ్లు కొన్ని అక్కడ ఉంగరంలా వంపు తిరిగిన పట్టా మీద వెనక్కి మళ్లేవి, మరికొన్ని ఉత్తరం వైపు ముందుకు సాగేవి. ఏ పట్టా ఏ దిక్కుకు పోతుందన్నది మారదు కాబట్టి దానిని బోర్డు మీద రాయవచ్చు. అంతకన్నా ముందు, వీధిలో ఏ మెట్లు దిగాలో చెప్పవలసి ఉంటుంది. ఎడ్మండ్ వీల్‌రైట్ రూపకల్పన చేసిన రాతి మెట్లగదులు బోస్టన్ కామన్ పార్కు అంచున నేటికీ కొన్ని నిలిచి ఉన్నాయి. వాటిలో దిగడానికి ఒకటి, ఎక్కి రావడానికి ఒకటి అన్నట్టు మొదట్లో విడివిడిగా కట్టారు. బాయిల్‌స్టన్ స్టేషన్‌లో ఒక దిక్కు ప్లాట్‌ఫారం నుంచి ఎదుటి దిక్కుకు లోపలి నుంచి దాటే దారి ఇప్పటికీ లేదు. అటువంటి చోట వీధిలో, మెట్ల దగ్గర ఉండే దిక్కు బోర్డే అన్నిటికన్నా ముఖ్యమైనది. కింద ఎంత చక్కని బోర్డు పెట్టినా, తప్పు మెట్లు దిగినవాడు తిరిగి పైకి వచ్చి వీధి దాటవలసిందే.

ఇక మారే సంగతులను చెప్పే భారం బండి మీద పడింది. గుర్రపు ట్రాముల కాలంలో చాలా అమెరికన్ నగరాల్లో దారిని బట్టి బండికి రంగు వేసేవారు. చీకటి పడితే రంగు అద్దాల దీపాలు ఆ పని చేసేవి. అక్షరం రానివారికి కూడా ఆ పద్ధతి అందేది. అయితే ఒక దారి రంగు వేసిన బండిని రద్దీ పెరిగిన మరో దారికి పంపితే జనం తికమకపడతారు, పైగా దారులు పదుల సంఖ్యలోకి పెరిగినప్పుడు కంటికి వేరుగా కనబడే రంగులే మిగలవు. అందువల్ల క్రమంగా రంగును వదిలి, తీసి మార్చగలిగే బోర్డులకు, ఆ తరవాత రెండు రూళ్ల మధ్య చుట్టిన గుడ్డ మీద ఊళ్ల పేర్లు ముద్రించి పిడి తిప్పితే కావలసిన పేరు అద్దం వెనకకు వచ్చే ఏర్పాటుకు కంపెనీలు మారాయి. వెనక దీపం పెట్టడంతో సొరంగంలోనూ ఆ పేరు చదవడానికి వీలు కలిగింది. అప్పటికీ మలుపు తిరిగి వచ్చే బండి ముందు భాగం కనబడి అది ఆగేలోపు ప్రయాణికుడికి దొరికే సమయం కొద్ది క్షణాలే. ఆ లోటును పూరించింది మనిషి గొంతు. ప్లాట్‌ఫారం మీద నిలబడి వచ్చే బండ్ల పేర్లు కేకవేసి చెప్పే ఉద్యోగులు అమెరికన్ ట్రాం కంపెనీలకు కొత్త కాదు. వారిది అచ్చంగా మీ నాన్నగారు చేసిన ఉద్యోగమే.

ఇప్పుడు ‘స్కాలీ అండర్’ దగ్గరికి వద్దాం. స్కాలీ స్క్వేర్ అనేది పాత బోస్టన్‌లో పేరుమోసిన కూడలి. 1898లో తెరిచిన స్కాలీ స్క్వేర్ స్టేషన్ ఆ కూడలి కింద ఉంది. సముద్రపు పాయ కింది నుంచి ఈస్ట్ బోస్టన్‌కు వెళ్లే ఇంకొక సొరంగాన్ని 1904 డిసెంబర్ 30న తెరిచారు; అందులో కూడా మొదట తిరిగినవి ట్రాములే. దానిని 1916 మార్చిలో పొడిగించినప్పుడు ఈ స్టేషన్‌కు అడుగున మరో ప్లాట్‌ఫారం ఏర్పడింది. పైన ఒక ట్రాం స్టేషన్, దాని కింద ఇంకొక ట్రాం స్టేషన్ అన్నమాట. రెండింటికీ ఒకే పేరు పెడితే ‘స్కాలీ స్క్వేర్‌లో దిగండి’ అన్న మాటకు రెండు అర్థాలు వస్తాయి. అందుకని కిందిదానికి ‘స్కాలీ అండర్’ అని పేరు పెట్టారు. దేనికి కింద అని మీ నాన్నగారు అడిగారు కదా, పై ట్రాములకు కింద అని జవాబు. 1912లో కేంబ్రిడ్జి వైపు రైలు మార్గం వచ్చినప్పుడు పార్క్ స్ట్రీట్ అడుగున కట్టిన స్టేషన్‌కు కూడా ఇదే పద్ధతిలో ‘పార్క్ స్ట్రీట్ అండర్’ అనే పేరు ఉండేది. ఆనాడు స్టేషన్ పేరే దారి చూపే బోర్డుగా పనిచేసింది. పేరు వినగానే మెట్లు ఎంత లోతుకు దిగాలో తెలిసిపోయేది. కింది సొరంగంలో ట్రాములను తీసేసి 1924లో రైళ్లు పెట్టారు. 1960లలో స్కాలీ స్క్వేర్‌ను కూల్చి ప్రభుత్వ భవనాలు కట్టడంతో స్టేషన్ పేరు 1963లో గవర్నమెంట్ సెంటర్‌గా మారింది. మీరు చూసిన పలకల అక్షరాలు అంతకు ముందు కాలానివి.

ఈ పేర్ల పట్టింపు ఇంకా ముందుకు పోయింది కూడా. 1908లో తెరిచిన వాషింగ్టన్ స్ట్రీట్ సొరంగంలో, అది ట్రాములది కాకపోయినా, ఒకే స్టేషన్‌లో ఎదురెదురు ప్లాట్‌ఫారాలకు వేర్వేరు పేర్లు పెట్టారు. ఒక వైపుది వింటర్, ఎదుటిది సమ్మర్. ఆ ప్లాట్‌ఫారం నుంచి పైకి వస్తే ఏ అడ్డవీధిలో తేలతారో అదే దాని పేరు. నేటి ప్రయాణికుడికి ఇది తికమకగా తోచవచ్చు గాని, వీధి ట్రాముకు అలవాటుపడిన జనానికి స్టేషన్ అంటే వీధి మూల మాత్రమే. ఆ పేర్లలో నాకు ఆ అలవాటే కనిపిస్తుంది.

రెండో జవాబు

పై జవాబు చాలా బాగుంది. నేను శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంటున్నాను. స్టేషన్ పేరు మారినా గోడ మీది అక్షరాలు మిగిలిపోయిన ఉదాహరణ ఇక్కడ కూడా ఉంది కనుక రాస్తున్నాను.

ట్విన్ పీక్స్ కొండల కింద ట్రాముల కోసం తవ్విన సొరంగాన్ని 1918 ఫిబ్రవరి 3న తెరిచారు. అందులో రెండు స్టేషన్లు ఉండేవి. యురేకా వ్యాలీ స్టేషన్‌ను 1972లో మూసివేశారు. రెండోది ఇప్పటికీ నడుస్తోంది. దానిని అందరూ ఫారెస్ట్ హిల్ అని పిలుస్తారు, మ్యాపుల్లోనూ అదే పేరు ఉంటుంది. కాని వీధిలో నిలబడి స్టేషన్ భవనం నుదుటి వైపు తల ఎత్తి చూస్తే అక్కడ ‘లగూనా హోండా’ అనే తొలినాటి పేరే కనబడుతుంది. రేకు బోర్డును ఒక పూటలో మార్చవచ్చు, గోడలో భాగమైపోయిన పేరును మార్చాలంటే గోడనే చెక్కాలి. స్కాలీ పలకలు మిగలడానికి కూడా ఇటువంటి కారణమే తోడ్పడి ఉంటుందని నాకు అనిపిస్తుంది.

అయితే మీ నాన్నగారి ప్రశ్నకు దీనికన్నా దగ్గరి సంగతి ఒకటుంది. ఈ నగరంలో ప్రభుత్వ ట్రాం సంస్థ 1912 డిసెంబర్ 28న మొదలైంది. అప్పటికే ఇక్కడ నడుస్తున్న ప్రైవేటు కంపెనీ తన దారులకు అంకెలు వాడుతోంది. రెండు సంస్థల బండ్లూ ఒకే వీధుల్లో కనిపిస్తాయి కనుక, ప్రభుత్వ సంస్థ తన దారులకు అక్షరాలు ఎంచుకుంది. అంకె కనబడితే ప్రైవేటు బండి, అక్షరం కనబడితే నగరం బండి అని దూరం నుంచే పోల్చుకోగలిగేవారు. తరవాతి కాలంలో ప్రైవేటు దారులన్నీ నగరం చేతికే వచ్చినా అక్షరాలు మాత్రం పోలేదు. ట్విన్ పీక్స్ సొరంగంలో నేటికీ కె, ఎల్, ఎం దారుల బండ్లు ఒకే పట్టా మీద వస్తాయి. అక్షరం పక్కన వీధి పేరో పేట పేరో కలిపి ‘ఎల్ తారవల్’, ‘ఎన్ జూడా’ అని పిలుస్తారు. దూరం నుంచి వచ్చే బండి మీద ముందుగా అక్షరం అందుతుంది, దగ్గరయ్యాక పేరు దానిని ధ్రువపరుస్తుంది. పేరు మొత్తం చదివితే గాని బండిని గుర్తుపట్టలేని పాత పద్ధతికన్నా ఇది ఎంతో మేలైనది. ట్రాం బోర్డుల చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చిన మార్పు ఇదే.

మూడో జవాబు

లండన్‌లోని కింగ్స్‌వే ట్రాం సొరంగాన్ని కూడా ఇక్కడ గుర్తుచేయాలి. లండన్ కౌంటీ కౌన్సిల్ కట్టించిన ఈ మార్గం 1906 ఫిబ్రవరి 24న మొదలైంది. హోబర్న్, ఆల్డ్‌విచ్ అనే రెండు స్టేషన్లు ఉండేవి. వీధి నడిమధ్యన మెట్లు దిగితే రెండు పట్టాల నడుమ దీవిలాంటి ఒకే ప్లాట్‌ఫారం వచ్చేది. బాయిల్‌స్టన్‌లో తప్పు మెట్లు దిగితే మళ్లీ వీధికెక్కాలని పైన రాశారు. కింగ్స్‌వేలో ఆ బాధ లేదు గాని, రెండు దిక్కుల బండ్లూ ఒకే ప్లాట్‌ఫారానికి చెరో పక్కన ఆగుతాయి కాబట్టి తొందరలో ఎదుటి దిక్కు బండి ఎక్కే ప్రమాదం ఉంటుంది. అంటే ప్లాట్‌ఫారం ఏ ఆకారంలో ఉంటే బోర్డు చెప్పవలసిన మాట ఆ ప్రకారంగా మారుతుంది.

ఇక్కడి దారుల అంకెల్లో ఒక చక్కని పద్ధతి ఉంది. కౌన్సిల్ తన ట్రాం దారులకు 1912 నుంచి అంకెలు ఇచ్చినప్పుడు థేమ్స్ నదికి ఉత్తరాన బేసి అంకెలు, దక్షిణాన సరి అంకెలు కేటాయించింది. బండి నది ఏ గట్టుదో అంకె చూస్తేనే తెలిసిపోతుంది. ఉత్తరపు పట్టాలను దక్షిణపు పట్టాలతో కలిపిన మార్గం ఈ సొరంగం ఒక్కటే. దీనిలో తిరిగిన దారులకు 31, 33, 35 అనే బేసి అంకెలు దక్కాయి. మూడే దారులు కనుక బోస్టన్ పార్క్ స్ట్రీట్‌లో ఉన్నంత గందరగోళం ఇక్కడ పుట్టలేదు. మొదట ఒక అంతస్తు బండ్లు మాత్రమే పట్టే సొరంగాన్ని లోతుచేసి, రెండంతస్తుల బండ్ల కోసం 1931 జనవరిలో తిరిగి తెరిచారు. 1952 ఏప్రిల్ 5తో ట్రాములు ఆగిపోయాయి. సౌతాంప్టన్ రో దగ్గర వాలు దారి, దానిలోని పట్టాలు ఇప్పటికీ చూడవచ్చు.

మొదటి జవాబు రాసినవారి చేర్పు

అక్షరాల సంగతి శాన్‌ఫ్రాన్సిస్కో మిత్రులు ఎత్తారు కనుక బోస్టన్ కథ కూడా పూర్తిచేస్తాను. 1965లో కేంబ్రిడ్జ్ సెవెన్ అసోసియేట్స్ అనే సంస్థ ఇక్కడి మార్గాలకు రంగుల పేర్లు, వలయంలో ‘టి’ గుర్తు రూపొందించింది. ట్రాముల సొరంగం అలా గ్రీన్ లైన్ అయింది. కాని రంగు ఒక్కటే పెడితే ట్రాం ప్రయాణికుడి ఇబ్బంది తీరదు. ఆ లైన్‌లోని శాఖలన్నీ ఒకే ఆకుపచ్చ కింద కలిసిపోయాయి. అందుకని 1967లో ఒక్కో శాఖకు ఒక్కో అక్షరం ఇచ్చారు. నేడు ఆర్లింగ్టన్ స్టేషన్‌లో పడమటి వైపు ప్లాట్‌ఫారం మీద నిలబడితే బి, సి, డి, ఇ బండ్లు నాలుగూ ఒకే పట్టా మీద వస్తాయి. అక్కడికి మీ నాన్నగారిని తీసుకువెళ్లండి. ఆయన అడిగిన ప్రశ్న కళ్లెదుట నడుస్తూ కనబడుతుంది.

ప్రశ్న అడిగినవారి మాట

అందరికీ కృతజ్ఞతలు. జవాబులన్నీ నాన్నగారికి చదివి వినిపించాను, నిన్న సాయంత్రం ఆర్లింగ్టన్ కూడా వెళ్లాం. ఒక గంటసేపు ఆయన అక్కడి బెంచీ మీద కూర్చుని, వచ్చే ప్రతి బండి అక్షరాన్ని పైకి చదువుతూ, జనం ప్లాట్‌ఫారం మీద ఎక్కడ నిలబడుతున్నారో, అక్షరం కనబడగానే ఎవరు కదులుతున్నారో, ఎవరు కదలకుండా ఉంటున్నారో చూస్తూ గడిపారు.

మొదటి జవాబులోని బస్టాండు పోలిక మీద మాత్రం ఆయనకు ఒక సవరణ ఉంది. అది ఆయన మాటల సారంగానే రాస్తున్నాను. బస్టాండులో ఒక్కో దిక్కుకు ఒక్కో ప్లాట్‌ఫారం అన్న ఏర్పాటు మామూలు రోజులకే సరిపోతుందట. సంక్రాంతికి ముందు మూడు రోజులు స్పెషల్ బస్సులు వచ్చి పడినప్పుడు, తన ప్లాట్‌ఫారం నిండి ఉన్న బస్సు ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ నిలబడుతుంది. తలపైన ఒంగోలు అని బోర్డు ఉంటుంది, దాని కింద మాచర్ల బస్సు నిలబడి ఉంటుంది. ఆ మూడు రోజులూ జనం బోర్డు చూడటం మానేసి మైకు వింటారు. ఆ మైకు ముందు కూర్చుని బస్సు నంబరు, వెళ్లే ఊరు, నిలబడిన చోటు ఈ మూడింటినీ అదే వరసలో రెండేసి సార్లు చెప్పేవాడినని, ముందు ఊరి పేరు చెబితే వినగానే జనం లేచి పరుగెత్తి ఆగిన చోటు వినిపించుకోరని, అందుకే నంబరుతో మొదలుపెట్టేవాడినని ఆయన అన్నారు. పార్క్ స్ట్రీట్‌లో బండ్ల పేర్లు కేకవేసిన ఉద్యోగులు ఏ వరసలో చెప్పేవారో తెలుసుకోవాలని ఆయనకు ఉంది.